పునరుక్తి దోషమట! మరి అనుక్తి దోషం మాటేమిటి?



ఒకప్పుడు కూడలి ముంగిట రోజూ పలకరించుకున్న మనలో చాలామంది ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. అయినా ఈ పాత ఇంటి తలుపు నేనింకా మూయలేదు. ఈ టపా శీర్షిక చూసి ఏ ప్రబంధం మీదనో రాశాననుకొని వచ్చినవారు కాస్త ఓపిక పట్టాలి. ఇది ఒక కంప్యూటరు ఆటకు సంబంధించిన గొడవ. అందులోనూ ఓడదొంగల ఆట! ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు ఛందస్సు, అలంకారాలు చెప్పిన మనిషికి ఈ వయసులో ఇదేం పని అని అడిగేవారికి నా జవాబు ఒక్కటే. ఆట సంగతి ఎలా ఉన్నా, దాని మీద వచ్చిన విమర్శ నాకు పట్టిన విషయం. విమర్శ తప్పటడుగు వేసినప్పుడు, అది ఏ భాషలో వేసినా, పండితశిక్షణ పొందినవాడు నోరు మూసుకొని కూర్చోరాదు.

ఆట పేరు 'సిడ్ మైయర్స్ పైరేట్స్!'. అమెరికాలోని మేరీలాండు రాష్ట్రంలో ఉన్న మైక్రోప్రోస్ సంస్థ దీనిని 1987లో కొమడోర్ 64 అనే గృహ కంప్యూటరు కోసం మొదట విడుదల చేసింది. 1993లో 'పైరేట్స్ గోల్డ్' అని ఒక సంస్కృత రూపం వచ్చింది. సంస్కృతమంటే సంస్కరింపబడినదని నా భావం, భాష కాదు. 2004 నవంబరులో ఫిరాక్సిస్ సంస్థ దీనిని పునాదుల నుండి మళ్ళీ కట్టింది. మైయర్ తన సహచరులతో కలిసి 1996లో నెలకొల్పిన సంస్థ అది. 2005లో ఎక్స్‌బాక్స్ మీదికి, 2007లో పీఎస్పీ మీదికి కూడా ఈ కొత్త రూపం ఎక్కింది. మా పెద్దబ్బాయి కంప్యూటరులో మిగిలిపోయిన ఈ ఆటను ఉద్యోగ విరమణ తరువాత నేను పూర్తిగా ఆడాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నాలుగు రాజ్యాల పక్షానా ఆడి చూశాను.

ఎరుగనివారి కోసం రెండు మాటల్లో కథ. నాయకుని కుటుంబాన్ని అప్పు పేరుతో ఒక దుష్ట ప్రభువు చెరపడతాడు. నాయకుడు పెరిగి పెద్దవాడై కరీబియన్ సముద్రానికి పోయి ఒక ఓడకు అధిపతి అవుతాడు. స్పెయిన్, ఇంగ్లండు, ఫ్రాన్సు, హాలండు అక్కడ ఒకదానితో ఒకటి కలహించుకొంటూ ఉంటాయి. ఒకరి పక్షాన మరొకరి ఓడలను దోచడం, రేవుల మీద దండెత్తడం, కత్తియుద్ధం చేయడం, గవర్నరు కూతురితో నృత్యం చేయడం, పాతిపెట్టిన నిధులు వెదకడం, తప్పిపోయిన బంధువులను కనుగొనడం. ఇదంతా ఏ వరుసలో చేయాలో ఆడేవాని ఇష్టం. ఏళ్ళు గడుస్తాయి, నాయకుడు ముసలివాడవుతాడు, విరమిస్తాడు. సంపాదించిన కీర్తిని బట్టి బిచ్చగాడిగానో, గవర్నరుగానో శేషజీవితం గడుపుతాడు.

ఈ పునర్నిర్మాణానికి విమర్శకులు బ్రహ్మరథం పట్టారు. సమీక్షల మార్కులను కూడి సగటు కట్టే మెటాక్రిటిక్‌లో కంప్యూటరు రూపానికి వందకు 88 వచ్చాయి. నా ఉద్యోగకాలంలో తెలుగు పేపరులో 88 వేయవలసి వస్తే చేయి వణికేది. మంచిదే, ఆట అందుకు తగినదే కావచ్చు. నా పేచీ మార్కులతో కాదు. మార్కులు వేసిన చేతులు ఏ ప్రశ్నలు దిద్దాయి, ఏ ప్రశ్నలు అసలు పేపరులోనే పెట్టలేదు అన్నది నా పేచీ.

నాకు దొరికిన సమీక్షలన్నీ చదివాను. మెచ్చుకున్నవారి సారాంశం: పాత ఆట ఆత్మ చెడలేదు, కొత్త బట్ట కట్టింది, ఎంత ఆడినా విసుగు రాదు. తప్పుపట్టినవారి సారాంశం: చేసిన పనే చేయిస్తుంది, నాట్యం కొన్నాళ్ళకు తలనొప్పి, నేల మీది యుద్ధాలు తేలిపోయాయి. అంటే ఒకరిది ప్రాచీనత మీద ప్రీతి, మరొకరిది పునరుక్తి మీద కోపం. ఈ రెండు తక్కెడలతోనే మొత్తం తూకం ముగిసింది.

మొదట పునరుక్తి సంగతి చూద్దాం. చెప్పిన పదమే మళ్ళీ చెప్పడం కావ్యదోషమని మమ్మటుడు మొదలైన ఆలంకారికులు లెక్కించారు. అయితే ఆ దోషం కూడా సందర్భాన్ని బట్టి గుణమవుతుందని కూడా వారే చెప్పారు. హర్షంలో, భయంలో, శోకంలో మనిషి అన్న మాటే అంటాడు, అది లోకస్వభావం. బుర్రకథలో వంతలు ప్రతి చరణానికీ అదే తాన అందుకుంటారు. దానిని పునరుక్తి అని తీసివేస్తే కథకుడికి ఊపిరి పీల్చుకొనే చోటు ఉండదు. ఈ ఆటలో కత్తియుద్ధం నలభైసార్లు వస్తుంది, నిజమే. కానీ ఇరవై ఏళ్ళవాడు చేసిన యుద్ధమూ నలభై దాటినవాడు చేసిన యుద్ధమూ ఒకటి కావు. వయసు మీదపడిన కొద్దీ నాయకుని చేయి బరువెక్కుతుంది, దెబ్బ ఆలస్యంగా పడుతుంది. మొదటి ఏటిలో ఆడుతూ పాడుతూ ఓడించిన వానిని చివరి ఏట ఓడించలేక నేను చతికిలబడ్డాను. అరవై దాటిన నాకు అది ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. పని అదే, చేసేవాడు మారుతున్నాడు. ఈ కల్పనలో అత్యంత కావ్యోచితమైన అంశం ఇదే. పునరుక్తి లేకపోతే అది తెలిసే ఉపాయమే లేదు. తప్పుపట్టినవారు గుణాన్ని దోషమన్నారు. పోనీ, అది చిన్న పొరపాటు.

రెండవది, ఆత్మ చెడలేదన్న మెప్పు. 1987 నాటి ఆటలో నట్టనడి సముద్రంలో ఓడ ఎక్కడున్నదో ఆట చెప్పదు. మిట్టమధ్యాహ్నం సూర్యుని ఎత్తు కొలిచి అక్షాంశం తెలుసుకొని, పెట్టెతో పాటు ఇచ్చిన పటంలో వెదుక్కోవాలి. ఆనాటి నావికుని బ్రతుకులోని భయమంతా ఆ ఒక్క పనిలో ఉంది. 2004 నాటి రూపంలో పటమే ఓడ ఉన్న చోటు చూపిస్తుంది. సూర్యునితో పని లేదు. ఇది సౌకర్యమే. అయితే మూలంలోని ఒక అనుభవాన్ని తీసివేసి, దాని స్థానంలో నాట్యాన్నీ, రాత్రిపూట కావలివారి కన్నుగప్పి ఊరిలోకి నక్కి నడిచే ఆటనూ చేర్చిన తరువాత, ఆత్మ చెడలేదనడానికి కొంత ధైర్యం కావాలి. తీసివేయడం తప్పని నేననను. నన్నయ వ్యాసుని భారతంలో ఎంత వదిలాడు, ఎంత కుదించాడు, ఎంత పెంచాడు అని మనం ఇన్ని శతాబ్దాలుగా చర్చించుకుంటూనే ఉన్నాం. ఆ చర్చే నన్నయకు మనం చేసే గౌరవం. పునఃకథనాన్ని చదివేవాడు ముందు వేయవలసిన ప్రశ్న అదే: ఏమి ఉంచాడు, ఏమి తీశాడు, ఎందుకు?

ఇక అసలు సంగతికి వస్తాను. పై రెండూ దానికి పీఠిక మాత్రమే.

ఈ ఆటలో ఓడలు మోసే సరుకులలో చక్కెర ఒకటి. ఒక రేవులో కొని మరొక రేవులో అమ్మవచ్చు, దోచుకోవచ్చు. నేను మొదటిసారి చక్కెర ఓడను పట్టుకున్నప్పుడు నాకు కలిగిన సందేహం చాలా సామాన్యమైనది. ఈ చెరకు ఎవరు నరికారు?

ఆటలో జవాబు లేదు. రేవులలో గవర్నర్లున్నారు, వర్తకులున్నారు, సారాకొట్టు యజమానులున్నారు, జెసూట్ మతగురువుల స్థావరాలున్నాయి, ఆదివాసుల పల్లెలు కూడా ఉన్నాయి. చెరకు తోటలో పనిచేసే మనిషి మాత్రం లేడు. చరిత్రలో జవాబు ఉంది. 1640ల నుండి బార్బడోస్ దీవి చెరకు దీవిగా మారింది. ఆఫ్రికా పశ్చిమతీరం నుండి ఓడల అడుగున గొలుసులతో తెచ్చిన మనుషులే ఆ చెరకు నరికారు, గానుగాడించారు, బెల్లపు పెనాల దగ్గర కాలిపోయారు. 1655లో ఇంగ్లండు స్పెయిన్ చేతినుండి జమైకాను పట్టుకున్న తరువాత అక్కడా అదే కథ. ఆట మనకు ఇచ్చే కాలాలలో 1640, 1660, 1680 ఉన్నాయి. అంటే ఏ దశాబ్దాలలో ఆ వ్యాపారం ఉప్పెనలా పెరిగిందో సరిగ్గా అవే.

నాయకుడు రాజసేవ చేస్తే గవర్నర్లు బిరుదులిస్తారు. బిరుదులతో పాటు భూమి, ఎకరాల లెక్కన. ఆ భూమి విరమణ నాటి వైభవానికి తోడ్పడుతుంది. బానిసలు లేని కరీబియన్ దీవిలో వందల ఎకరాలు ఎవరు దున్నుతారు? హెన్రీ మోర్గన్ ఈ ఆటలోని అందరు ఓడదొంగలలోకీ అగ్రగణ్యుడు. నిజజీవితంలో అతడు జమైకాకు లెఫ్టినెంట్ గవర్నరు అయ్యాడు, 'సర్' బిరుదు పొందాడు, తోటలు సంపాదించాడు. 1688లో చనిపోయిన తరువాత అతని ఆస్తిని జాబితా రాస్తే అందులో వందకు పైగా బానిసలు లెక్కకు వచ్చారు; మంచాలు, వెండి గిన్నెలతో పాటు మనుషులు. ఆట విజేతకు ఇచ్చే చివరి బహుమానం, గవర్నరు పదవీ భూమీ, అచ్చంగా మోర్గన్ జీవితమే. ఆ జాబితాలోని ఒక్క పంక్తి మాత్రం చెరిపివేశారు.

మూలకర్త 1987లో దీనిని వదిలిపెట్టాడంటే అర్థం చేసుకోగలను. ఆ చిన్న యంత్రంలో పట్టే జ్ఞాపకశక్తి 64 కిలోబైట్లు. అందులో నాలుగు రాజ్యాలను పట్టించడమే ఒక అవధానం. కానీ 2004 నాటికి యంత్రం పెరిగింది. స్థలం దొరికింది. దొరికిన స్థలాన్ని నాట్యానికి ఇచ్చారు. ఇది నిర్మాత చేసిన ఎంపిక. దానిని ప్రశ్నించడం విమర్శకుని పని. నేను చదివిన సమీక్షలలో నాట్యంలో అడుగుల వేగం గురించి పేరాలకు పేరాలు ఉన్నాయి. చెరకు నరికినవాని గురించి ఒక్క వాక్యం లేదు. మెచ్చినవారిలోనూ లేదు, తెగడినవారిలోనూ లేదు. చెప్పినదే చెప్పాడని అలిగినవారు చెప్పనిదానిని గమనించలేదు. దీనినే నేను అనుక్తి దోషం అంటున్నాను. ఆలంకారికుల న్యూనపదదోషానికి ఇది పెద్దన్న. వాక్యంలో ఉండవలసిన పదం లేకపోవడం న్యూనపదం. లోకంలో ఉండవలసిన మనుషులు లేకపోవడానికి ఇంకేం పేరు పెట్టాలి?

దీనికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. ఒక్కొక్కటిగా చూద్దాం.

"మాస్టారూ, అది ఆట. పిల్లల కాలక్షేపం. దాని మీద చరిత్ర భారం మోపకండి" అంటారు. ఆ భారం నేను మోపినది కాదు. తొలి ఆటతో పాటు ఆ కాలపు చరిత్రను వివరించే దళసరి పుస్తకం ఇచ్చారు; ఆర్నాల్డ్ హెండ్రిక్ శ్రమించి రాసిన ఆ పుస్తకాన్ని మెచ్చుకోని పాత ఆటగాడు లేడు. చరిత్ర పేరిట మెప్పు తీసుకున్నవారు చరిత్ర పేరిట ప్రశ్న కూడా తీసుకోవాలి. పైగా మైయర్ పేరు ఆట పేరుకు ముందు చేరినది మొట్టమొదట ఈ ఆటతోనే. అంతకుముందు అతని విమానాల ఆటలు కొన్నవారు కొత్త తరహా ఆటను కూడా గుర్తుపట్టి కొంటారని అలా చేశారు. కారణం వ్యాపారమే కావచ్చు, ఫలితం మాత్రం సాహిత్య సంబంధమైనది. కృతికి కర్త నామధేయం తగిలించిన తరువాత, కవిని అడిగే ప్రశ్నలన్నీ అతనినీ అడగవచ్చు.

"ఇది నిజమైన ఓడదొంగల కథ కాదు, పాత సినిమాల ఓడదొంగల కథ" అన్నది రెండవ ఆక్షేపణ. నిజమే, ఎరల్ ఫ్లిన్ కత్తి తిప్పిన సినిమాల గాలి దీనికి బాగా సోకింది. కానీ ఆ సినిమాలలో పేరెన్నిక గన్న 'కెప్టెన్ బ్లడ్' 1935లో వచ్చింది. దాని నాయకుడు ఒక వైద్యుడు. రాజద్రోహి అని ముద్రవేసి జమైకాలోని పోర్ట్ రాయల్‌కు తెచ్చి, సంతలో పశువులా అమ్ముతారు. అతడు ఓడదొంగగా మారడానికి ఆ బానిసత్వమే కారణం. అమ్ముడుపోయినవాడు తెల్లవాడు కావడంలో ఆ సినిమా పక్షపాతం ఉంది, అది వేరే చర్చ. అయినా 1935 నాటి వినోదానికి కూడా ఆ దీవులలో మనుషుల సంత ఉండేదని చెప్పడానికి నోరు రాకపోలేదు. డెబ్బై ఏళ్ళ తరువాత వచ్చిన ఆటలో చెరపడినది నాయకుని సొంత కుటుంబం ఒక్కటే.

మూడవ ఆక్షేపణ బలమైనది; దానిని నేను గౌరవిస్తాను. "బానిసలను సరుకుల పట్టికలో చక్కెర పక్కన చేర్చి, కొని అమ్మే ఆట చేయమంటారా? అంతకన్నా వదిలేయడమే మర్యాద కదా" అంటారు. ముమ్మాటికీ అలా చేయరాదు. 2013లో డెన్మార్కు సంస్థ ఒకటి బానిస వ్యాపారాన్ని పిల్లలకు బోధిస్తామంటూ ఒక ఆట చేసి, అందులో ఓడ అడుగున మనుషులను ఇటుకల్లా పేర్చే భాగం పెట్టింది. 2015లో లోకమంతా ఛీకొట్టిన తరువాత ఆ భాగాన్ని తీసివేసింది. ఔచిత్యం తెలియని ఉక్తి అనుక్తి కన్నా హీనమని క్షేమేంద్రుని చదివిన ఎవడైనా ఒప్పుకుంటాడు. అయితే దారులు రెండే కావు. 2013లోనే 'అసాసిన్స్ క్రీడ్' వరుసలో 'ఫ్రీడమ్ క్రై' అని ఒక ఉపకథ వచ్చింది. అందులో నాయకుడు బానిసత్వం నుండి బయటపడిన అడెవాలే. కరీబియన్‌లో బానిసలను విడిపించడమే అతని పని. దాని లోపాలు దానికి ఉండవచ్చు. ఓడదొంగల ఆటలో ఈ విషయానికి చోటు లేదన్న వాదానికి మాత్రం అది సజీవమైన ఖండన. నిర్మాత ఫలానా విధంగానే చేసి ఉండవలసిందని నేను శాసించడం లేదు. విమర్శకుడు అడిగి ఉండవలసింది అంటున్నాను.

పునఃకథనాన్ని ఈ దృష్టితో చూడడం నాకు ఆటలు నేర్పలేదు, మన సాహిత్యమే నేర్పింది. రామకథను ఎన్నిసార్లు చెప్పుకున్నాం! విశ్వనాథవారు చెప్పారు. త్రిపురనేని రామస్వామిచౌదరిగారు శంబూకుని పక్షాన నిలబడి నాటకం రాశారు. ఓల్గాగారి 'విముక్త' సీతను శూర్పణఖతో, అహల్యతో మాట్లాడించి 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. ఎవరు ఎవరితో ఏకీభవించినా, విభేదించినా, మళ్ళీ చెప్పినప్పుడల్లా "ఈసారి ఎవరికి మాట దక్కింది?" అని అడగడం మనకు అలవాటైంది. ఆ అలవాటును ఆటల ముందు ఎందుకు మానుకోవాలి? మన పిల్లలు ప్రబంధాలకన్నా వీటినే ఎక్కువ చదువుతున్నారు. చదువుతున్నారనే అంటాను, ఆడటమూ ఒక చదువే.

"ఎక్కడి కరీబియన్, ఎక్కడి ఆంధ్రదేశం, మనకెందుకు ఈ తగవు?" అని ఇంకా ఎవరికైనా అనిపిస్తే ఒక్కసారి మచిలీపట్నం వైపు చూడండి. ఈ ఆటలోని నాలుగు రాజ్యాలలో రెండు, హాలండూ ఇంగ్లండూ, 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే అక్కడ వర్తకస్థానాలు పెట్టుకున్నాయి. ఇంగ్లీషువారు వచ్చినది 1611లో. కోరమాండల్ తీరంలో కొన్న ముతక నూలు బట్టలలో ఒక రకానికి ఐరోపా వర్తకులు 'గినీ గుడ్డ' అని పేరు పెట్టారు. గినీ అంటే పశ్చిమాఫ్రికా తీరం. ఇక్కడి మగ్గం మీద నేసిన బట్ట ఐరోపా మీదుగా ఆ తీరానికి చేరేది. అక్కడ మనుషుల్ని కొనడానికి ఇచ్చే వెలలో భాగమయ్యేది. నేసినవానికి ఆ సంగతి తెలియదు. కానీ మన నేతగాని గుడ్డ, ఆఫ్రికా మనిషి మెడ, కరీబియన్ చక్కెర ఒకే పద్దు పుస్తకంలో ఉన్నాయి.

ఇంకొక సాక్ష్యం. ఆటలోని పేరుమోసిన ఓడదొంగలలో కెప్టెన్ కిడ్ ఒకడు. అతని మెడకు ఉరితాడు తెచ్చిన దోపిడీలలో ముఖ్యమైనది జరిగినది కరీబియన్‌లో కాదు, మన పశ్చిమతీరపు జలాలలో. 1698లో అతడు పట్టుకున్న 'క్వెడా మర్చంట్' భారతదేశపు పట్టూ మల్లూ మోస్తున్న ఓడ. దానిని కరీబియన్ దాకా తోలుకొనిపోయి అక్కడ వదిలేశాడు. 1701లో లండనులో అతనిని ఉరితీశారు. ఆ ఓడ శకలాలను 2007లో డొమినికన్ రిపబ్లిక్ తీరంలో గుర్తించారు. ఆటలో కిడ్ ఉన్నాడు, ఓడ పోయి చేరిన సముద్రమూ ఉంది, సరుకు ఎక్కడిదో మాత్రం లేదు. ఇది మన తగవు కాదని ఎలా అనగలం?

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఒక పాత ఆట మళ్ళీ వచ్చినప్పుడు సమీక్షకుడు బొమ్మల మెరుగునూ అడుగుల వేగాన్నీ చూసిన తరువాత మూడు ప్రశ్నలు కూడా వేయాలి. పాతదానిలో ఏమి పోయింది? వచ్చిన కొత్త స్థలాన్ని దేనికి ఇచ్చారు? ఇందులో ఎవరి శ్రమ కనిపిస్తున్నది, ఎవరి శ్రమ కనిపించడం లేదు? ఈ మూడూ వేసిన తరువాత 88 కాదు, 98 వేసినా నాకు అభ్యంతరం లేదు. నాలుగుసార్లు ఆడినవాడిని, ఆ ఆటలోని ఆనందం నాకూ తెలుసు. ఐదవసారి కూడా ఆడతానేమో. కానీ చక్కెర ఓడ ఎదురైనప్పుడల్లా ఆ ప్రశ్న అడుగుతూనే ఉంటాను.

ఈ ఆటను ఆడిన మిత్రులెవరైనా ఉంటే, ముఖ్యంగా 1987 నాటి రూపాన్ని అప్పట్లోనే విదేశాలలో ఆడినవారుంటే, మీ మాట రాయండి. నాతో విభేదించేవారు మరీ తప్పకుండా రాయాలి. ఒక్క మనవి: "ఇది ఆటే కదండీ" అని మాత్రం రాయకండి, దానికి జవాబు పైన ఇచ్చేశాను.

స్వస్తి.